బాబా అంకుల్‌తో తాయిఫ్‌కి

సౌదీలో అల్ ఖోబర్ నుంచి కొండల మీది తాయిఫ్‌కి చిన్నపిల్లలతో కారులో వెళ్ళడం సాధ్యమేనా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. సాధ్యమే. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఆగస్టులో, ఏడేళ్ళ స్వాతినీ ఇంకా నాలుగు నిండని చిన్నినీ వెంటబెట్టుకుని మేం వెళ్ళాం. రోడ్లు ఇప్పుడు మరింత బాగున్నాయట. ధరలు మాత్రం నేను చెప్పేవి ఆనాటివి. అయితే కొండలు చూడాలన్న సరదాతో మేం బయల్దేరలేదు. మా చిన్నమ్మాయి కన్నతండ్రిని అంకుల్ అని పిలిచేది. అదీ అసలు సంగతి.

మా ఆయన ఖోబర్‌లో ఉద్యోగానికి వెళ్ళేనాటికి చిన్ని నాలుగు నెలల పిల్ల. సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఇంజనీరుగా చేరారు. ఏడాదిన్నరలో మాకు ఫ్యామిలీ వీసా వస్తుందన్నారు. ఆ వీసా చేతికి వచ్చే సమయానికి కువైట్ గొడవ మొదలైంది. వీసాలు ఆగిపోయాయి, ఆయన సెలవూ రద్దయింది. మొత్తం మూడేళ్ళు. నేను పిల్లలతో సామర్లకోటలో మా పుట్టింట్లోనే ఉండిపోయాను. అందుచేత చిన్ని లెక్కలో నాన్న అంటే అక్కడి గోడ మీద ఫోటో. పొద్దున్నే దానికి టాటా చెప్పేది.

ఫిబ్రవరిలో మేం ఖోబర్ చేరాం. నిజం చెప్పాలంటే పిల్లలు ఊరికి నాకంటే తొందరగా అలవాటు పడ్డారు. స్వాతి ఇండియన్ స్కూల్లో చేరిన నెలకే హిందీ, మలయాళం కలిపి వాయించేది. చిన్ని కింద ఉన్న బకాలా అనే కిరాణా కొట్టాయనతో స్నేహం చేసి, రోజూ వేడివేడి ఖుబ్జ్ రొట్టె తనే మోసుకొచ్చేది. ఆ ఎండ, ఆ ఏసీ రొద, మేడ మీంచి కనిపించే సముద్రం, అన్నీ నచ్చాయి దానికి. తండ్రి ఒక్కడే కొత్త. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వస్తే తలుపు తీసి, మా అమ్మ దగ్గర నేర్చుకున్న మర్యాదంతా చూపించేది.

"కూర్చోండి అంకుల్. అమ్మ వంటింట్లో ఉంది. మంచినీళ్ళు తాగుతారాండీ?"

మొదట్లో ఆయన పడీపడీ నవ్వేవారు. ఐదారు నెలలైనా అదే మర్యాద. దగ్గరికి తీసుకోబోతే ఒళ్ళు బిగించుకుని నా వెనక్కి వచ్చేసేది. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన తల ఎత్తకుండా అన్నారు. "పసిదాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు? మీ ముగ్గురికీ ఎగ్జిట్ కొట్టించి ఇండియా పంపేస్తాను. ఇంకో ఏడాది చేసి నేనే వచ్చేస్తాను. వెళ్ళేముందు తాయిఫ్ చూసి వెళ్ళండి, చల్లగా ఉంటుందంటారు." ఆ ప్రయాణం అలా ఖాయమైంది.

కంపెనీ వాళ్ళు ఒక పాత పెద్ద కారు ఇచ్చారు. డ్రైవర్‌గా ఖాదర్ భాయ్ వచ్చాడు. రాయచోటి మనిషి, ప్లాంటులో బండి నడుపుతాడు. వాళ్ళ బావ మస్తాన్ తాయిఫ్‌లో ఒక పళ్ళతోటలో వంటమనిషి. ఆయన్ని చూసినట్టూ ఉంటుందని తన సెలవులోనే మాతో బయల్దేరాడు. వేసవిలో వెళ్ళేవాళ్ళు అతను చెప్పినట్టే తెల్లవారకముందే బయల్దేరడం మంచిది. మేం నాలుగున్నరకు ఖోబర్ దాటాం. రియాద్ దాకా నాలుగు వందల కిలోమీటర్లు, ఆగుతూ వెళితే ఐదు గంటలు. ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే పాతిక రియాళ్ళు కూడా అయ్యేది కాదు. కష్టమల్లా మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్న బంకు వెతుక్కోవడమే.

"నీళ్ళ డబ్బాలు ముందర పెట్టినా అక్కా. పిల్లోల్లకి దప్పికయితే అడగమను. సిగ్గుపడొద్దు" అన్నాడు ఖాదర్ భాయ్. ఆ "అక్కా" వినేసరికి నాకు సగం దారి దగ్గరైపోయింది.

ఎండ పూర్తిగా ఎక్కకముందే ఒక చెక్‌పోస్టు వచ్చింది. ఆ రోజుల్లో మనలాంటివాళ్ళు ఊరు దాటాలంటే కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని, రాసిచ్చిన ఉత్తరం, అక్కడ ఉండనిచ్చే గుర్తింపు పుస్తకం ఇకామా రెండూ చేతిలో ఉండాలి. రెండూ ఉన్నాయి కాబట్టి ధైర్యంగానే ఉన్నాం. కుర్ర పోలీసు కాగితాలు చూసి, కిటికీలోంచి లోపలికి వంగి, ఆయన వైపు చూపిస్తూ నాన్నేనా అని చిన్నిని అరబ్బీలో ఆటగా అడిగాడు.

"బాబా?"

చిన్ని తల అడ్డంగా ఊపి, స్పష్టంగా చెప్పింది. "అంకుల్."

పోలీసు మొహంలో నవ్వు పోయింది. పరాయి మగవాళ్ళతో ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు కారులో వెళుతున్నారంటే అక్కడ చిన్న విషయం కాదు. మా ఆయన్ని కిందికి దిగమన్నాడు. స్వాతి చెల్లెలి చెయ్యి గిల్లి, "నాన్న అను, నాన్న అనవే" అని గొణిగింది. చిన్ని ఏడుపు మొదలెట్టింది. ఖాదర్ భాయ్ దిగి, తనకొచ్చిన అరబ్బీలో చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. "హర్బ్, హర్బ్" అన్న మాట మాత్రం నాకు తెలిసింది. యుద్ధం. పోలీసు ఇకామాలో మా ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు, పిల్లల మొహాలు చూశాడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో అని, మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. చిన్న పిల్లకు పాఠం చెప్పినట్టు వేలు పెట్టి చూపిస్తూ నెమ్మదిగా పలికాడు.

"మూ అంకుల్. బాబా. బాబా."

అంకుల్ కాదు, నాన్న అని. చిన్ని ముక్కు తుడుచుకుని బుద్ధిగా తల ఊపింది. బండి కదిలిన పది నిమిషాలకు వెనక సీట్లోంచి గొంతు వినిపించింది. "బాబా అంకుల్, నాకు బిస్కెట్ ఇస్తారాండీ?"

కారులో అందరం ఒక్కసారి నవ్వాం. ఖాదర్ భాయ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "నేను నాలుగేండ్లకి ఇంటికి పోతే నా కొడుకు మంచం కింద దూరినాడు సార్. వాడు బయటికి వచ్చేపొద్దుకి నా సెలవు అయిపాయ. మీకు ఆ పాప ముందరే ఉండాది. తొందరపడొద్దు." మా ఆయన బిస్కెట్ పొట్లం విప్పి మొత్తం వెనక్కి అందించారు.

రియాద్‌లో బతా బజారు దగ్గర కుటుంబాలకిచ్చే గదుల్లో దిగాం. ఒక రాత్రికి తొంభై రియాళ్ళు. కింద మలయాళీల హోటల్లో పరోటా, కోడికూర. మర్నాడు మళ్ళీ తెల్లవారకముందే కదిలాం. రియాద్ నుంచి తాయిఫ్‌కి ఇంచుమించు ఎనిమిది వందల కిలోమీటర్లు, ప్రయాణంలో పరీక్ష పెట్టే భాగం ఇదే. నమాజు వేళల్లో బంకులూ కొట్లూ అరగంట మూసేస్తారు, ఆ లెక్క చూసుకుని ఆగాలి. పిల్లలు ఒంటెలు లెక్కపెట్టి, నూట ఇరవై దాటాక పోట్లాడుకుని, నిద్రపోయారు. సాయంత్రం నాలుగింటికి రోడ్డు పైకి ఎక్కడం మొదలైంది. ఖాదర్ భాయ్ ఏసీ కట్టేసి అద్దాలు దించాడు. ఆగస్టులో చల్లగాలి! ఆరు నెలల తర్వాత మొదటిసారి నేను బయటి గాలిని ముఖమంతా తగలనిచ్చాను.

మర్నాడు పొద్దున్న కోతులను చూడటానికి అల్ హదా కొండ అంచుకు వెళ్ళాం. అరటిపళ్ళు కారులోనే దాచి వెళ్ళండి, లేకపోతే మీ చేతిలో ఉండవు. దారి పక్కన ఒక ముసలాయన బర్షూమి పళ్ళు ముళ్ళు తీసి, ఒలిచి, ఐసు మీద పెట్టి అమ్ముతున్నాడు. నోట్లో వేసుకుంటే నాకు నవ్వొచ్చింది. మన దగ్గర చేల గట్టున కంచెకి వేసే నాగజెముడు పండే అది! ఇక్కడ గిన్నె ఐదు రియాళ్ళు. పిల్లలు నాలుగు గిన్నెలు ఖాళీ చేశారు.

పన్నెండింటికి మస్తాన్ పనిచేసే తోట చేరాం. ఎర్రబడుతున్న దానిమ్మలు, పందిళ్ళ నిండా ద్రాక్ష, మధ్యలో రేకుల షెడ్డు. తోట యజమాని ఊళ్ళో లేడట, మేం వస్తామని ఆయన్ని ముందే అడిగి ఉంచాడు మస్తాన్. లావుపాటి మనిషి, నోరారా పలకరిస్తాడు.

"రాగులు యాడ దొరుకుతాయమ్మా ఈడ. జిజాన్ నుంచి జొన్నపిండి వస్తాది. దాంతోనే సంగటి గెలికినా. తిని సూసి చెప్పు, మా ఊరిది మాదిరి ఉండాదో లేదో."

నాటుకోడి పులుసులో వేడి సంగటి ముద్ద ముంచుకుని తిన్నాం. కోస్తావాళ్ళం, మాకు సంగటి అలవాటు లేదు. అయినా మా ఆయన రెండో ముద్ద పెట్టించుకున్నారు. పిల్లలు ద్రాక్ష పందిరి కింద పరుగులు పెట్టారు. మూడు గంటలప్పుడు కొండల మీంచి నల్లటి మబ్బు దిగింది. మస్తాన్ టీ గ్లాసులు పంచుతున్నాడు. అప్పుడు, మా నెత్తిమీదే అన్నట్టు, ఫెళ్ళున ఉరిమింది.

మా ఆయన చేతిలో గ్లాసు జారిపోయింది. "లోపలికి! కిటికీలు మూయండి! తడిగుడ్డ, తడిగుడ్డ తీసుకురండి!" అని అరుస్తూ పిల్లలిద్దరినీ రెండు చేతుల్తో ఎత్తుకుని షెడ్డులోకి పరిగెత్తారు. వాళ్ళను గోడ మూలన కూర్చోబెట్టి, అడ్డంగా వంగి, చెవులు మూసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. యుద్ధంలో క్షిపణులు వస్తున్నాయని ఖోబర్‌లో సైరన్లు మోగిన రోజుల్లో ఆయన నాకు వారానికో ఉత్తరం రాసేవారు. ప్రతి ఉత్తరంలోనూ ఇక్కడ అంతా క్షేమం అనే ఉండేది. నేను నమ్మాను.

రెండో ఉరుము. ఆయన ఇంకా కిందికి వంగిపోయారు. స్వాతి బిత్తరపోయి నా వైపు చూసింది. చిన్ని మాత్రం లేచి ఆయన ఎదురుగా నిలబడింది. ఉరిమితే భయం పోవడానికి మన ఇళ్ళల్లో పిల్లలకు పది పేర్లు నేర్పుతారు కదా. మా అమ్మ దానికి అవి కంఠతా పట్టించింది. ఆయన చెవి మీది చెయ్యి ఒకటి లాగేసి, చెవిలో గట్టిగా మొదటి పేరు చెప్పింది. "అనండి" అంది. ఆయన కళ్ళు తెరిచారు. అన్నారు. రెండోది చెప్పింది. అన్నారు. మూడోది కూడా అన్నారు. తర్వాతది తప్పిపోయి ఐదో పేరు అందుకున్నారు.

చిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని కసిరింది. "అది కాదు నాన్నా! నాలుగోది వదిలేశావు. మళ్ళీ మొదట్నించీ చెప్పు."

నాన్నా అన్నట్టు దానికి తెలియను కూడా తెలియదు. ఆయన గొంతు సవరించుకుని మొదటి పేరు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి పదీ తప్పు లేకుండా చెప్పారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చిన్ని తన గౌను అంచుతో ఆయన మొహం తుడిచి, "అంతే, ఇంక ఏం కాదు" అని తీర్పు చెప్పింది.

రేకుల మీద టపటపమని మొదలై చూస్తుండగానే వడగళ్ళ వాన. ఖాదర్ భాయ్ తువ్వాలు పట్టుకుని వాకిట్లోకి ఉరికాడు. "పాపా రాండి, ఐసు పడతాండాది!" అని కేక. పిల్లలు వెళ్ళారు, వాళ్ళ వెనకే ఆయన, ఆయన వెనక నల్ల అబాయా ఎత్తిపట్టుకుని నేను. మస్తాన్ గంటెతో వడగళ్ళు ఏరి పెరుగు గిన్నెలో వేస్తున్నాడు. చిన్ని వాళ్ళ నాన్న భుజాల మీదెక్కి నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూసింది. ఆ గంటలో మేం నవ్వినంతగా అంతకుముందు ఆరు నెలల్లో కలిపి నవ్వలేదు.

సాయంత్రం బట్టలు ఆరుతుంటే ఆయన నాకు మొదటిసారి చెప్పారు. ఆరుగురు ఒకే గదిలో, విషవాయువు భయంతో కిటికీలకు టేపు అంటించుకుని, మొహాన తడి తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్న రోజుల గురించి. "రాస్తే నువ్వు భయపడతావని రాయలేదు" అన్నారు. "ఇకనుంచి భయపెట్టండి, ఫరవాలేదు" అన్నాను. ఎగ్జిట్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మేం పదకొండేళ్ళు ఖోబర్‌లో ఉన్నాం.

కొత్త దేశంలో కాపురం పెట్టడమంటే ఇల్లు వెతుక్కోవడం, బడి చూసుకోవడం, భాష నేర్చుకోవడం అనుకునేదాన్ని. అవన్నీ మాకు రెండు నెలల్లో అయిపోయాయి. మిగిలింది మేం నలుగురం ఒకరికొకరం తెలియడం. దానికి తీరిక కావాలి. రెండు రోజులు ఒకే కారులో కూర్చుని, ఒకరి బిస్కెట్లు ఒకరు తిని, ఒకరి భయం ఒకరు చూసేటంత తీరిక. దూరంగా ఉన్న మనిషి క్షేమమని రాసిన ఉత్తరం చదివి నేను నిశ్చింతగా ఉన్నాను. క్షేమంగా లేనివాడి పక్కన నిలబడి పది పేర్లు చెప్పింది మాత్రం నాలుగేళ్ళు నిండని పిల్ల. ఆ రోజు నుంచి నేను కూడా ఆయన్ని ఎలా ఉన్నారని కాస్త ఎక్కువగా అడగడం మొదలుపెట్టాను.

ఇక ప్రయాణం గురించి ఒకే ఒక్క సలహా. ఆగస్టులో తాయిఫ్‌లో మధ్యాహ్నం మూడు దాటితే ఎప్పుడైనా వాన రావచ్చు. పిల్లలకొక జత పొడి బట్టలు పెట్టె అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోండి. పెద్దవాళ్ళకు కూడా.