గోడ అవతలి పాట

సంతోష్‌నగర్‌లో ఆ గల్లీ మొదట్లో సోమయ్య కిరాణా కొట్టు, కొట్టు వెనకే అతని ఇల్లు. ఆ ఇంటిని ఆనుకుని సుందరమ్మ ఇల్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఇటు పోపు వేస్తే అటు తుమ్ములు. సుందరమ్మ మొగుడు ఇశ్రాయేలుకు కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టుల బతుకు. ఒక్కగానొక్క కొడుకు చింటు ఇంటర్ చదువుతున్నాడు.

సుందరమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. చర్చిలో పాటలు పాడే వరసలో నిలబడ్డ ఆమెను ఇశ్రాయేలు సరిగా చూడనైనా లేదట. విన్నాడంతే. ఇంటికి పోయి "నాకు గా పిల్లనే కావాలె" అని తల్లి దగ్గర మొండికేశాడు. చింటు నెలలు నిండకుండానే పుట్టాడు. పిడికెడంత బిడ్డ, పాలు తాగడు, నిద్రపోడు. ఒక కీర్తన ఉండేది, అది అందుకుంటే తప్ప కళ్లు మూసేవాడు కాదు. రొమ్ము మీద వేసుకుని అదే పాట పాడి పాడి బతికించుకుంది.

అదే పాట ఈ మధ్య వేళాపాళా లేకుండా వినిపిస్తోంది. మిట్టమధ్యాహ్నం ఒకసారి, నీళ్లొచ్చే వేళ ఇంకోసారి. అదీ గల్లీ చివర దాకా వినబడేంత గట్టిగా. సోమయ్య భార్య విమలాదేవి ఊరుకునే మనిషి కాదు. పిట్టగోడ మీంచి మేలమాడేది.

"ఏంది సుందరమ్మా, మీ దేవునికి చెవుడొచ్చిందా ఏంది? గంత గట్టిగ పాడ్తున్నవ్!"

"మొక్కుకున్ననక్కా" అని నవ్వి, సుందరమ్మ కొంగును మోచేతి దాకా లాక్కునేది.

భక్తంటే సుందరమ్మదేనని గల్లీ అంతా మెచ్చుకుంది. చెంప కమిలితే బాత్రూంలో జారానంది, నమ్మారు. చేతికి కట్టు కడితే మెట్ల మీద పడ్డానంది, అయ్యో పాపం అన్నారు. ఏం కళ్లు, ఏం చెవులండీ మనవి! పక్కింట్లో ఏం కూరో వాసన పట్టి చెప్పేస్తాం, పక్కింటి మనిషి ఎన్నిసార్లు జారిపడుతోందో మాత్రం మనకు పట్టదు.

ఆమెను కొడుతున్నది చింటు.

చిన్నప్పుడు కంచం విసిరేశాడు. మెతుకులు ఏరుకుంటూ "కోపం ముక్కు మీదనే ఉంటది మావోనికి" అని ఆమే నవ్వింది. తర్వాత తలుపులు తన్నాడు. తర్వాత ఆమెను తోశాడు. ఆ తర్వాత చెయ్యి లేచింది. ఎందుకంటే ఏం చెప్పాలి? కాలేజీకి లేపితే ఎందుకు లేపావని, లేపకపోతే ఎందుకు లేపలేదని. ఫోన్ చాలించమన్నందుకు ఒకరోజు, ఊరికే తనవైపు చూసినందుకు ఒకరోజు. కొట్టాక మళ్లీ వాడే ఏడ్చేవాడు. బామ్ డబ్బా తెచ్చి, కొట్టిన చోటే మెల్లగా రాసేవాడు. "ఇంకోసారి చెయ్యనే అమ్మా, ప్రభువు తోడు" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడు అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు. ఆమెను లోలోపల చంపింది ఆ తెలియడమే.

మొదటిసారి దెబ్బ పడ్డప్పుడు అరుపు గొంతు దాకా వచ్చింది. గోడ గుర్తొచ్చింది. విమలక్క వింటుంది, నలుగురూ వస్తారు, ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తారు, తల్లిని కొట్టినోడన్న పేరు వాడి జన్మంతా వదలదు. అరుపును మింగింది. మింగిన చోటి నుంచి పాట వచ్చింది. వాడు కేకలేసిన కొద్దీ ఆమె స్వరం పెంచింది. అప్పటి నుంచి అదే అలవాటైంది.

ఇశ్రాయేలుకు తెలియదా అంటే, తెలుసు. ఒకసారి అడ్డుపడి తనూ దెబ్బలు తిన్నాడు. కొడుకు చేత తన్నులు తిన్న సంగతి ఏ మగాడు ఎవరికి చెప్పుకుంటాడు? ఓవర్‌టైం ఎక్కువ చేసుకున్నాడు. ఆ మనిషిని తిట్టాలో, జాలిపడాలో తెలియదు.

ఒక మధ్యాహ్నం విమలాదేవి చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. గోడ అవతల పాట మొదలైంది. రోజూ విని విని ఆమెకూ నోటికొచ్చేసిన పాటే. రెండో చరణం నడుమ, మాట సగంలో ఆగిపోయింది. మిగతా సగం కోసం విమలాదేవి చెవి ఒగ్గింది. రాలేదు. ఏదో బరువైనది గోడకు తగిలింది. చింతపండు చేతులతోనే లేచి పరుగెత్తింది.

"చింటూ, తలుపు తియ్యిరా! తియ్యకుంటే గల్లీ మొత్తం పిలుస్త!"

వాడు తలుపు తీశాడు. మొహం తెల్లబోయి ఉంది. సుందరమ్మ పొయ్యి గట్టు పక్కన కూలబడి ఉంది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆ పెదవితోనే మిగిలిన సగం మాట గొణుగుతోంది.

"ఎన్నొద్దుల సంది ఇది?" అంది విమలాదేవి.

"మెల్లగనక్కా. బజార్ల అందరు ఇంటరు."

విమలాదేవి ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది. ఒక్కో పాటా గుర్తు చేసుకుంటోంది.

"మా వరలక్ష్మీ వ్రతం నాడు పాడినవు. గది గూడనా?"

"గది గూడ."

ఆ రోజు పేరంటాళ్లందరినీ గోడ దగ్గరికి పిలిచి, "మా సుందరమ్మ గొంతు ఎట్లుందో ఇనుండ్రి" అని గొప్పలు పోయింది విమలాదేవి. వాళ్లంతా వాయనం పళ్లేలు పట్టుకుని నిలబడి చాలా బాగుందన్నారు. ఇప్పుడు అది తలుచుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

విమలాదేవి తమ్ముడి కూతురు వర్షిత, పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్. ఆ పిల్ల వచ్చి ఇశ్రాయేలునూ సుందరమ్మనూ కూర్చోబెట్టింది. "తిట్టుడు, కొట్టుడు వద్దు. ముందైతే దాచుడు బంద్ చెయ్యాలె ఆంటీ. ఇంట్ల నలుగురు మనుషులు తిరగాలె. వాని సంగతి నాకిడిసిపెట్టుండ్రి" అంది. ఇశ్రాయేలు తలుపుకేసి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాడే పోయి షిఫ్టు మార్పించుకున్నాడు.

"పాట ఇనబడ్డదంటే నేనొస్త. ఫికర్ జెయ్యకు" అంది విమలాదేవి.

అన్నట్టే వచ్చేది. చేటలో బియ్యం పట్టుకుని వచ్చి ముందుగదిలో కూర్చుని ఏరుకునేది. ఆమె లేకపోతే సోమయ్య కొట్టు వదిలి వచ్చేవాడు. వాడిని పల్లెత్తు మాట అనేవాళ్లు కాదు. "మంచినీళ్లియ్యి బేటా" అనేవాళ్లు. మొదట్లో చింటు రంకెలేశాడు. వాళ్ల ముందే గోడను గుద్దాడు. వాళ్లు కదల్లేదు. ఒక్కరోజులో ఏదీ కాలేదు. రెండడుగులు ముందుకు పడితే ఒకటి వెనక్కి పడేది. వర్షిత దగ్గరికి వారం వారం పోయాడు. రాను రాను పాటలు తగ్గాయి, ఆఖరికి ఆగిపోయాయి.

వానలు పడే రోజులొచ్చాయి. సుందరమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి గోంగూర తుంచుతోంది. చింటు ఎదురుగా కూర్చుని కారప్పొడి అన్నం కలుపుకుంటూ, కాలేజీలో సార్ ఎట్లా నడుస్తాడో చేసి చూపిస్తున్నాడు. ఆమె పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్లయిందో అట్లా నవ్వి! ఆ నవ్వులోంచి, తనకు తెలియకుండానే పాట అందుకుంది. రెండో చరణానికొచ్చేసరికి గొంతు దానంతటదే పెద్దదైంది.

తలుపు ధడాలున తెరుచుకుంది. పిండి చేతులతో విమలాదేవి, వెనకే తక్కెడ రాయి చేతిలోనే ఉండిపోయిన సోమయ్య. ఇద్దరూ రొప్పుతున్నారు.

చింటు ఎంగిలి చెయ్యీ మంచి చెయ్యీ రెండూ పైకెత్తాడు.

"నేనేం జెయ్యలే ఆంటీ! నేనేం జెయ్యలే!"

"ఉత్తగనే పాడినక్కా" అంది సుందరమ్మ. "ఖుషీ అయ్యి పాడిన."

విమలాదేవి నవ్వబోయింది. నవ్వు రాలేదు. వాడి నెత్తి మీద పిండి అంటకుండా మోచేత్తో నిమిరి, మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

చింటు కంచం ముట్టుకోలేదు. దాని వంకే చూస్తూ అన్నాడు: "చిన్నగున్నప్పుడు నేను గీ పాటకే పండుకుంటుంటినట గదనే?"

"ఊఁ."

"మల్ల పాడవా? మెల్లగ. నాకొక్కనికే ఇనబడేటట్టు."

సుందరమ్మ గొంతు సవరించుకుంది. మొదటి మాట అందుకుంది. అందుకుంటూనే ఆమె కళ్లు వాడి చేతుల మీదికి పోయాయి.

వాడది చూశాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె మళ్లీ నోరు తెరిచింది. రెండో మాట రాలేదు.