శిరీష కాగితం

ఇరవై రెండేళ్ళు మా ఇంటి బీరువాలో ఒక కాగితం ఉండిపోయింది. అరచేతి కంటే కాస్త పెద్దది. అంత బరువు నేను జన్మలో మోయలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, తెలిసినవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. ఊళ్ళో సగం మంది నా శిష్యులే, కనబడితే చాలు దండం పెడతారు. నా పేరు అడక్కండి. పేర్లతో ఇప్పటికే చాలా అన్యాయం చేశాను.

బందరులో ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. నోటిదురుసు మనిషిని. విజిల్ కంటే నా గొంతే ఎక్కువ వినపడేదని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. జిల్లా పోటీల్లో ఏటా గుడివాడ జట్టే గెలిచేది. మేం మొహాలు వేలాడేసుకుని తిరుగు బస్సెక్కేవాళ్ళం. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక్కసారి గెలవాలి, ఒక్కసారి. ఇదంతా అక్కడ మొదలైంది. ఒక పిల్ల బాగు కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందులో సగమైనా నిజం ఉందా? ఉందనే ఇప్పటికీ అనుకుంటాను.

ఒక ఆదివారం చేపలకని గిలకలదిండి హార్బరుకి వెళ్ళాను. బోటులోంచి దింపిన కుప్ప ముందు ఒక పొడుగాటి పిల్ల గొంతుక్కూర్చుని చేపలు ఏరుతోంది. చందువలు ఒక టబ్బులోకి, కానాగంతలు ఇంకో టబ్బులోకి విసురుతోంది. టబ్బుల వంక చూడటమే లేదు. పక్కనున్న ఆడవాళ్ళతో కబుర్లాడుతూనే ఉంది. ఒక్క చేప కింద పడితే ఒట్టు! నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అది నన్ను ఎగాదిగా చూసి, "ఏంటండీ, కొంటారా, చూసి పోతారా?" అంది.

దాని పేరు నాంచారమ్మ. పదమూడున్నర ఏళ్ళు. తండ్రి లేడు. ఐదో తరగతితో బడి మానేసి తల్లితోపాటు హార్బరులో పని చేసుకుంటోంది. దాన్ని బళ్ళో చేర్పిస్తానని పట్టుబట్టాను. వారం రోజులు తిరిగితే తల్లి ఒప్పుకుంది. కానీ నాక్కావలసింది పద్నాలుగేళ్ళలోపు జట్టుకి ఆడే పిల్ల. దీని అసలు వయసు రాస్తే ఆరు నెలలు కూడా ఆడదు. దివిసీమలో అమ్మమ్మగారింట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్ల, దానికి పుట్టినట్టు కాగితమే లేదు. ఏమైనా ఉన్నాయేమో చూడమన్నాను. తల్లి ట్రంకుపెట్టె తెరిచింది. రేషన్ కార్డు కింద, ప్లాస్టిక్ కవరులో భద్రంగా చుట్టి, ఒక పుట్టిన సర్టిఫికెట్ దొరికింది. పేరు శిరీష. నాంచారమ్మ కంటే రెండున్నరేళ్ళు చిన్న.

"ఇదెవరిదమ్మా?"

"చిన్నదానిదండి. రెండో కాన్పు కష్టమైతే బందరు ఆసుపత్రికి తెచ్చారండి నన్ను. పురుడు పోసిన నర్సమ్మ పేరే పెట్టుకున్నా. పదకొండు నెలలకి జరం వచ్చి పోయిందండి."

"పోయినట్టు ఎక్కడైనా రాయించారా?"

"లేదండి. రాయిస్తే ఏమొస్తదండి?"

అప్పుడు నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అయితే పెద్దదాన్ని ఈ కాగితం మీద చేర్పిద్దాం. బడిలో శిరీష అని రాద్దాం. ఎవరికీ తెలీదు" అన్నాను.

ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని కాగితం నా చేతిలోంచి తీసుకుంది. మడత విప్పి, మోకాలి మీద పెట్టి సాపు చేసింది. చదువు రాని మనిషి. అక్షరాల మీద వేలు పెట్టి ఉంచింది.

"మళ్ళీ ఇస్తారా అండీ?"

"ఇస్తానమ్మా. నెల రోజుల్లో తెచ్చిస్తా."

"మరవకండి సార్. అదొక్కటేనండి దానిది."

బయట ఆడుకుంటున్న నాంచారమ్మని పిలిచి, "నీ పేరు పాతకాలపు పేరే, బడికి మంచి పేరు పెడతాను, శిరీష, బాగుందా?" అన్నాను. అది ఎగిరి గంతేసింది. మా వైపు ఇంట్లో పిలిచే పేరొకటి, రికార్డులో పేరొకటి ఉండటం మామూలే కదా. దానికి అనుమానం రాలేదు. చెల్లెలు పోయేనాటికి దానికి మూడేళ్ళు దాటి కొన్ని నెలలే. ఇంట్లో ఆ బిడ్డని పాప అనే పిలిచేవాళ్ళట. శిరీష అన్న పేరు ఆ కాగితంలో, ఆ తల్లి మనసులో తప్ప ఎక్కడా లేదు.

మరుసటి ఏడు గుడివాడలో గుడివాడ జట్టునే ఓడించాం. అవతల ఆడింది నిజంగా పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు. వాళ్ళ కెప్టెన్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేను భుజాల మీద మా పిల్లని ఎత్తుకుని గ్రౌండు చుట్టూ తిరిగాను. గ్యాలరీ అంతా "శిరీషా! శిరీషా!" అని ఒకటే కేకలు. తల్లి ఆ రోజు పని మానుకుని వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. జనం కేక వేసినప్పుడల్లా కొంగు చాటున పెదాలు కదులుతున్నాయి. సంతోషంతో ఏడుస్తోందనుకున్నాను. సంతోషమో కాదో కనుక్కోవాలని కూడా తోచలేదు.

ఆ తర్వాత సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. రాష్ట్రానికి ఆడింది. ఇండియాకి ఆడింది, కెప్టెన్ అయింది. విదేశాల్లో జీతమిచ్చి ఆడించుకునే లీగుల్లో ఆడింది. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయినా మళ్ళీ లేచి ఆడింది. ఎక్కడ గెలిచినా ముందు వాళ్ళమ్మకి, తర్వాత నాకు ఫోన్ చేసేది. "సార్, తిన్నారా?" అని మొదలుపెట్టేది. అంత పెద్ద ఆటగత్తెకి నేను తిన్నానో లేదో కావాలి! ఒకసారి టీవీలో ఎవరో అడిగితే చెప్పింది. "నాకు పేరు పెట్టింది మా పీఈటీ సారండి. నాంచారమ్మగా ఉంటే చేపలు ఏరుకునేదాన్ని." మా ఆవిడ సంబరపడి పక్కింటివాళ్ళని కేకేసింది. నేను పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని మొహం కడుక్కుంటూ ఉండిపోయాను.

కాగితం ఎందుకు తిరిగివ్వలేదు? మొదట్లో మర్చిపోయాను, అంతే. తర్వాత భయం పట్టుకుంది. ఆవిడ ఎవరికైనా చూపిస్తే? పోయిన బిడ్డ అని ఎక్కడైనా నోరు జారితే? పిల్ల ఆట పోతుంది, పతకాలు పోతాయి, నా ఉద్యోగం పోతుంది. ఏది ముందు తలుచుకున్నానో నిజం చెప్పమంటే, నా ఉద్యోగమే. హార్బరుకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ మంచి పండుగప్ప ఏరి పక్కన పెట్టేది. సంచీలో వేస్తూ, మెల్లిగా, "సార్, ఆ కాగితం" అనేది. ఆఫీసులో ఉందమ్మా అనేవాణ్ణి. చేపలు మాత్రం తెచ్చుకుని తిన్నాను. కొన్నేళ్ళకి అడగడం మానేసింది. ఏటా శిరీష పుట్టినరోజని అభిమానులు హడావిడి చేసే తేదీన ఆవిడ ఒక్కతే బస్సెక్కి దివిసీమలోని పాలకాయతిప్ప వెళ్ళొచ్చేది. పాపని పూడ్చింది అటువైపేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ళ కిందట ఆవిడ ఆసుపత్రిలో పడితే చూడ్డానికి వెళ్ళాను. కూతురు విదేశంలో మ్యాచ్ ఆడుతోంది, బయల్దేరానని కబురు పంపింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "సార్, ఆ కాగితం దొరికిందాండీ?" అంది. వెతుకుతున్నానమ్మా అన్నాను. ఆసుపత్రి నుంచి మా ఇల్లు ఆటోలో పది నిమిషాలు. బీరువా తాళం నా జేబులోనే ఉంది. పిల్ల ఆట చివరికొచ్చింది, నేను రిటైరయ్యాను, ఇక దేనికీ భయం లేదు. అయినా లేచి వెళ్ళలేదు. ఎందుకు? ఇన్నేళ్ళూ అబద్ధమాడానని ఆవిడకి తెలిసిపోతుందని. మర్నాడు పోయింది.

శిరీష ఆట మానేసింది. ఈమధ్యే ఆడపిల్లని కన్నది. పోయిన వారం ఫోన్ చేసింది. "సార్, బారసాల గిలకలదిండిలో అమ్మ ఇంట్లోనే చేస్తున్నాం. మీరు పెట్టిన పేరు నాకు కలిసొచ్చింది. మా పాప పేరు కూడా మీ చేత్తోనే బియ్యంలో రాయాలి" అంది. సరేనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక నా చేతుల వంక చూసుకున్నాను.

బారసాల రేపు. ఇవాళ పొద్దున్నే వెళ్ళాను. శిరీష ఎదురొచ్చి కాళ్ళకి దండం పెట్టబోతే ఆపి, కూర్చోబెట్టి, కాగితం చేతిలో పెట్టాను. మొత్తం చెప్పాను. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాను గానీ, ఏదీ దాచలేదు. వాళ్ళమ్మ చివరి మాట కూడా చెప్పాను. శిరీష ఒళ్ళో బిడ్డని జోకొడుతూనే వింది. కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. కాగితాన్ని మోకాలి మీద సాపు చేసి, పేరు మీద వేలు పెట్టి ఉంచింది. అచ్చం తల్లి లాగే.

తర్వాత తలెత్తింది. "చెల్లి ఎలా ఉండేదో అమ్మ ఏమైనా చెప్పిందా సార్?"

నేను అడగలేదండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తల్లిని నేను అడిగింది, పోయినట్టు ఎక్కడైనా రాయించారా అని ఒక్కటే. అదే చెప్పాను. శిరీష తల ఊపి, బిడ్డని ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. రేపు రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. ఆ అరలో ఇప్పుడేమీ లేదు.