యాంకో పేరు చదివిన సాయంత్రం

రోకలి ఆపడం ఎలూబీకి వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. సాయంత్రం రేడియోలో చావు కబుర్లు మొదలయ్యాయంటే ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఆగిపోవాలి. పోయినవాళ్లు మనవాళ్లు కాకపోయినా సరే. లైటన్ మామయ్య అరుగు మీద మేకుకు వేలాడే రేడియోలోంచి ఒక గొంతు నిదానంగా పేర్లు చదువుతుంటే, కర్రపెండలం దంచే ఆడవాళ్లందరూ తలలు వంచుకుని నిలబడేవాళ్లు. చెరకు తోటల మేస్త్రీ ఒకాయన, పెద్ద పంతులు ఒకాయన, ఎక్కడో చర్చిలో నలభై ఏళ్లు పాటలు పాడించిన ముసలావిడ. ఫలానా ఊరు, ఫలానా జిల్లా, వెనక వదిలి వెళ్లినవాళ్లు ఫలానా ఫలానా. ఆ తర్వాత సబ్బు ప్రకటన పాట వచ్చేది. అప్పుడు రోకళ్లు మళ్లీ లేచేవి.

ఎలూబీ చిల్వా సరస్సు ఒడ్డున పుట్టింది. మూడో తరగతి దాకా చదివి, చేపలు ఎండబెట్టే తడికల దగ్గర అమ్మకు సాయంగా ఉండిపోయింది. పెళ్లయ్యాక వైసన్ అల్లుడిగా ఈ ఊరికే వచ్చి గుడిసె వేశాడు. మంచి జాలరి, మాట తక్కువ మనిషి. మొదటివాడు తమాండా పళ్లు రాకముందే పోయాడు. తర్వాత పుట్టిన ఎస్మీ దక్కింది. సరస్సు ఎండిపోయిన ఏడు వైసన్ పడవను బురదలోనే వదిలేసి, ఉత్తరాన పెద్ద సరస్సు మీద కూలికి వెళ్లాడు. అప్పటికి ఎలూబీకి ఆరో నెల. అతను వెళ్లాక పుట్టింది యాంకో.

జనవరి వచ్చేసరికి ఆ ఊళ్లో ఏ గాదెలోనూ గింజ ఉండదు. మొక్కజొన్న చేలో మోకాలెత్తు ఉంటుంది, కంకి పట్టడానికి ఇంకా రెండు నెలలు. అందరిళ్లలోనూ తవుడు జావే. తల్లి తాగేది తవుడు జావ అయితే బిడ్డకు పాలెక్కడివి? యాంకోకు పదకొండో నెలలో జ్వరం తగిలింది. మూడో రోజు తెల్లారుతూనే ఎలూబీ పిల్లను వీపుకు కట్టుకుని దవాఖానాకు బయలుదేరింది. రెండు వాగులు దాటాలి. రెండో వాగు దాటాక వీపు మీద బరువు మారింది. పిల్లల్ని మోసిన వీపుకు ఆ తేడా తెలుస్తుంది. అయినా ఆమె ఆగలేదు, గుడ్డ విప్పి చూడలేదు. విప్పితే నిజమైపోతుంది. అలాగే నడిచింది. దవాఖానాలో నర్సు ముడి విప్పి చూసి, "ఈ వారంలో ఇది నాలుగోది" అంది. ఆ తర్వాత వరసలో ఉన్నావిడను పిలిచింది.

నడక వచ్చేదాకా పిల్లల్ని ఇంటివాళ్లు తప్ప ఎవరూ పేరుపెట్టి పిలవరు. నడక రాని పిల్ల పోతే మగవాళ్లు రారు. డప్పు మోగదు, ఎవరింటికీ కబురు వెళ్లదు. ఆడవాళ్లే నలుగురు చాపలో చుట్టి తీసుకెళ్లి, తడి నేల ఉన్నచోట పెట్టి వస్తారు. అంతా పొద్దెక్కేలోపే అయిపోతుంది. పెద్ద సరస్సు వైపు వెళ్లే లారీ డ్రైవరు చేత వైసన్‌కు చెప్పించారు. తిరిగొస్తుంటే పక్కింటి ఫనేసి ఎలూబీ భుజం పట్టుకుంది.

"ఊరుకో వదినా. ఇంకా వయసుంది నీకు, దేవుడిస్తాడులే. ఈ జావ తాగు ముందు."

ఆ మాటలో తప్పేమీ లేదు. తమాండా పోయినప్పుడూ ఇదే మాట అన్నారు. ఫనేసి పిల్లలు పోయినప్పుడు ఎలూబీ కూడా ఇదే అంది.

ఆ సాయంత్రం రేడియోలో, ఎక్కడో చలిదేశంలో కొండరైలు పడిపోయి తొమ్మిది మంది పోయారని చదివారు. మర్నాడూ చదివారు. మూడో రోజు వాళ్లలో ఒకాయనకు కుక్కంటే ఎంత ఇష్టమో కూడా చెప్పారు. ఎలూబీ రోకలి పట్టుకుని అంతా విన్నది. ఆ రైలు మనుషుల మీద ఆమెకు కోపం లేదు. కానీ ఒక ఆలోచన వచ్చి ఇక పోలేదు. యాంకో పేరు కూడా ఒక్కసారి అలా చదివితే బాగుండు. రోకళ్లు ఆగితే బాగుండు. అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఎవరికీ చెప్పకుండా ఒక కోడిని బుట్టలో పెట్టుకుని, ఎండుచేపల లారీ ఎక్కి పట్నం వెళ్లింది. రేడియో ఆఫీసులో బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న గుమస్తా కాగితం తీశాడు.

"పోయినాయన ఏం చేసేవాడమ్మా?"

"ఆయన కాదండీ. నా కూతురు."

"ఏం చేసేది?"

"ఏమీ చేసేది కాదండీ. పదకొండు నెలలు."

గుమస్తా కలం కింద పెట్టాడు. "చూడమ్మా, ఈ కబుర్లు ఎందుకు చదువుతాం? దూరాన ఉన్న చుట్టాలు విని బయలుదేరడానికి. మీ పిల్ల కోసం ఎవరు రావాలి?"

"ఎవరూ రానక్కర్లేదండీ. వింటే చాలు."

"తల్లీ, ఒక్క పిల్ల పేరు చదివితే రేపు ఇంకో తల్లి వస్తుంది. పిల్లలందర్నీ చదవడం మొదలుపెడితే జనవరి నెలంతా మాకిక వార్తలకు చోటే ఉండదు." కసిరినట్టు చెప్పలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. కోడిని కూడా తీసుకోలేదు.

ఆమె వెనక ఒక కోటు మనిషి నిలబడి ఉన్నాడు. వాళ్ల నాన్న పోయాడట. గుమస్తా లేచి నిలబడి కాగితం తీసుకుని, సరి చూసుకోవడానికి పైకి చదివాడు. చివర్లో మనవలూ మునిమనవలూ, పదకొండు మంది పేర్లు. అందులో ఒకటి మొన్న పుట్టిన పిల్లదని కోటాయన చెప్పాడు కూడా. గడప దగ్గర కోడిబుట్టతో నిలబడి ఎలూబీ ఆ పేర్లన్నీ విన్నది.

కంకులు పాలుపోసుకునే వేళకు ఎలూబీ అమ్మమ్మ పోయింది. లైటన్ మామయ్య తల్లి ఆమె. బాగా బతికిన ముసలిది కాబట్టి డప్పులు మోగాయి, కోడళ్ల ఊళ్ల నుంచి జనం వచ్చారు. మామయ్య కళ్లకు కాగితం దగ్గర పెట్టుకుని రేడియోకు కబురు రాశాడు. మునిమనవల దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"వీళ్ల పేర్లెవరికి గుర్తుంటాయే! నువ్వు రాయి. పట్నం దారి నీకు తెలుసటగా, నువ్వే పట్టుకెళ్లు." అంటే కోడిబుట్ట సంగతి ఆయన దాకా వచ్చిందన్నమాట.

ఎలూబీ చాలా ఏళ్ల తర్వాత కలం పట్టింది. ఒక్కో అక్షరం గీస్తే వేలు నొప్పి పుట్టింది. అక్క పిల్లలు ముగ్గురు. ఎస్మీ. తమాండా. యాంకో. రాశాక కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. దారంతా దాని మీద చెయ్యి వేసుకునే ఉంది. గుమస్తా గుర్తుపడితే ఆ పేర్లు కొట్టేస్తాడు. ఉన్నవాళ్లలో లేనివాళ్లను కలిపానంటాడు.

గుమస్తా కళ్లజోడు తుడుచుకుని చదవసాగాడు. అక్క పిల్లలు అయ్యారు. ఎస్మీ, తమాండా అయ్యారు. తర్వాత వేలు ఆగింది.

"ఈ యాంకో... మగపిల్లాడా, ఆడపిల్లా?"

"ఆడపిల్లండీ."

"ఎంత వయసు?"

"ఇంకా నడక రాలేదండీ. మా అమ్మమ్మ వీపు మీదే పెరిగింది."

"పాపం, ముసలావిడ పోతే బెంగపెట్టుకుంటుంది" అని గుమస్తా కాగితం మీద ముద్ర కొట్టాడు. తలెత్తి ఆమె ముఖం చూశాడు, మర్యాదగా నవ్వాడు. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకూడదనే దారంతా మొక్కుకుంది. అయినా మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు సాయంత్రం అమ్మమ్మ ఇంటి ముంగిట, మామయ్య అరుగుకు ఎదురుగా, చుట్టాల కోసం కర్రపెండలం దంచుతున్నారు. గొంతు మొదలైంది. రోకళ్లు ఆగాయి. అమ్మమ్మ పేరు వచ్చింది, ఊరు వచ్చింది, కొడుకులూ కూతుళ్లూ వచ్చారు. తర్వాత ఆ నిదానపు గొంతు తమాండా అంది. యాంకో అంది. మేస్త్రీల పేర్లూ పంతుళ్ల పేర్లూ ఎలా పలికిందో అలాగే పలికింది, తొందర లేకుండా. ఎలూబీ రోకలిని గుండెకు ఆనించుకుని నిలబడింది. అక్కడ దించిన తలల్లో ఒక్కటీ పైకి లేవలేదు. సబ్బు పాట వచ్చింది.

మామయ్య అరుగు మీద నుంచి అరిచాడు. "ఏమే ఎలూబీ! మతి ఉందా నీకు? బతికున్నవాళ్ల వరసలో పోయినవాళ్లను పెడతావా? నాలుగూళ్లవాళ్లు విన్నారే, నవ్వరూ!"

"పిల్లల పేర్లు నన్నే రాయమన్నావు కదా మామయ్యా."

"రాయమంటే..." అని ఆయన ఆగిపోయి, రేడియో చెవి మెలిపెట్టి పాట ఆపేశాడు. ఎవరూ నవ్వలేదు. దంపుడు మళ్లీ సాగింది. ఇది ఇంకేదో అవుతుందని ఎలూబీ అనుకుంది. ఏమవుతుందని అనుకుందో ఆమెకే తెలియదు. ఏమీ కాలేదు. పిండి అయింది, చెరిగారు, పొయ్యి రాజేశారు.

చాటలు దులిపే వేళ ఫనేసి పక్కకొచ్చి కూర్చుంది. చాట అంచు గిల్లుతూ అడిగింది.

"మళ్లీ పట్నం ఎప్పుడెళ్తావు వదినా?"

"నాకేం పని పట్నంలో? మళ్లీ ఎవరైనా పెద్దవాళ్లు పోతే."

"మా అత్త మంచం మీదే ఉంది, ఎక్కువ రోజులుండదు. అప్పుడు నువ్వే రాద్దువు గానీ. నాకు రాత రాదు కదా." గొంతు తగ్గించింది. "నావి రెండు. ఒకడు గిఫ్టన్. ఒకతి లిటినెస్."

ఎలూబీ సరేనంది. ఆ రెండు పేర్లూ లోపల ఒకసారి అనుకుంది. ఆ పిల్లలిద్దర్నీ చాపలో పెట్టి మోసిన నలుగురిలో తానూ ఉంది. జావ కాచి ఇచ్చింది, ఊరుకో అంది. పదిహేడేళ్లుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఒక దడి మాత్రమే ఉంది.

ఆ పేర్లు ఆమె వినడం అదే మొదటిసారి.