అక్కకు దొరికిన ఎనిమిదో డాక్టరు

మొన్న పాత ఫోనులోంచి కొత్తదాంట్లోకి నంబర్లు మారుస్తుంటే వరసగా ఏడుగురు డాక్టర్లు తగిలారు. పేర్లు గుర్తుండవని అప్పట్లో పనిని బట్టి రాసుకున్నాను: స్కాను డాక్టరు, నిద్రమాత్ర డాక్టరు, పెళ్లి చేయమన్న డాక్టరు. ఈ మూడో ఆయన, మా అక్కకు పెళ్లయి పన్నెండేళ్లయిన సంగతి చీటీలో చూసుకోలేదు. పాపం, తొందరలో ఉన్నారు.

అక్క చెన్నై దగ్గరి మా తిరువళ్లూరు నుంచి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీకి కంపెనీ వ్యానులో వెళ్లేది. ఒకరోజు వ్యాను లారీకి గుద్దుకుంది. పక్కసీట్లో ఉన్న స్నేహితురాలు అక్క ఒళ్లోనే పోయింది. అక్కకు గీతైనా పడలేదు, అందరూ అదృష్టమన్నారు. నెల తిరక్కముందే అక్క కూర్చున్నచోటే మాయమవడం మొదలుపెట్టింది. కళ్లు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకదు, చిన్నపిల్ల గొంతుతో ఏదో అంటుంది, తేరుకున్నాక ఏదీ గుర్తుండదు. తిరుత్తణి నుంచి రైల్లో వస్తూ తిరువళ్లూరులో దిగాల్సిన మనిషి ఒకసారి నాలుగు స్టేషన్లు దాటిపోయి తిరునిన్రవూరు ప్లాట్‌ఫారం మీద తేలింది. "నా పొద్దులు యాడికో పోతాండాయి రా. ఎనక్కి తెచ్చిచ్చేవోళ్లు ఎవురన్నా ఉండారేమో చూడు," అంది.

చూశాను. తిరువళ్లూరులో ఒకాయన తల స్కాను తీయించి లోపల ఏమీ లేదన్నాడు. ఆ ముక్క అక్కకు నేను చిన్నప్పటినుంచీ ఫీజు లేకుండానే చెబుతున్నాను.

ఈలోగా ఆడికృత్తిక పండక్కి తిరుత్తణిలో అత్త ఇంటికి వెళ్లాం. వంటింటి గడప మీద అక్కకు మళ్లీ అలా అయింది. అత్త పరుగున పసుపునీళ్లు, వేపమండ తెచ్చి "అమ్మ వచ్చిండాది!" అని కేకేసింది. వీధి సగం వచ్చి వరస కట్టింది.

"తాయే, తల్లీ, మావోనికి గవర్నమెంటు ఉద్దోగం వస్తాదా?" అని ఎదురింటి మామ చేతులు జోడించాడు.

"భయమేస్తాంది," అంది అక్క, చిన్న గొంతుతో.

"విన్యావా, పరీక్ష గట్టిగా ఉంటాదంట," అని అత్త అర్థం చెప్పింది.

"అత్తా, అక్కకు ఒంట్లో బాగలేదు."

"నోరు మూసుకోరా, కాలేజీ సదివినోడా! సామి ఒళ్లు దిగి మలెక్కినాక మాట్లాడు."

అక్క తేరుకుని చుట్టూ కర్పూరం, కుంకుమ, జోడించిన చేతులు చూసింది. "నన్నేం అడిగినారు రా? నేనేం చెప్పినా?" అని నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. నాకు జోకు తోచని పూట అదొక్కటే.

ఎనిమిదో ఆమె, మనసుకు తగిలిన దెబ్బలు చూసే డాక్టరు, చెన్నైలో దొరికింది. ఫోనులో మూడు ముక్కలు చెప్పగానే "ఇది నా పనే" అంది. తక్కిన ఏడుగురిలో ఆ మాట అన్నవాళ్లు లేరు. రెండు నెలలు ఆగమంది, ఆగాం. మొదటిరోజే, బయట లారీ హారను మోగగానే అక్క చూపు జారిపోబోయింది. డాక్టరమ్మ ప్రమాదం ఊసెత్తలేదు. కాళ్లు నేలకు ఆనించమని, గదిలో కనబడేవి ఒక్కొక్కటే చెప్పమని తమిళంలో మెల్లగా అంటూ కూర్చుంది. చాలాసేపటికి అక్క తెలుగులో అందుకుంది: "ఫ్యాను... చెప్పులు... క్యాలెండరు. పోయిన నెలదే ఉండాది, చింపలా." నేను అనువదించాను. ఆమె లేచి, సీరియస్‌గా కాగితం చింపి వచ్చి కూర్చుంది.

తిరుగు రైల్లో అక్క అంది: "ఈ పొద్దు తెల్లారినప్పట్నించీ అంతా గుర్తుండాది రా. ఆ గదిలో నువ్వు రెండుతూర్లు ఆవలించినావు."

జబ్బు ఇంకా పోలేదు, నెలకు రెండుసార్లు వెళుతూనే ఉన్నాం. కాలం ఇట్టే గడిచిపోయిందని జనం మాటవరసకు అంటుంటారు. ఒక్క పగలు ఎక్కడా తెగకుండా గడవడానికి, వ్యాను గుద్దుకున్ననాటి నుంచి ఆ తిరుగు రైలు దాకా, మాకు రెండేళ్లు పట్టింది.