అమ్మ ఫోన్‌లో గేట్లు

అప్‌డేట్ చేయమని మెసేజ్ వచ్చినప్పుడల్లా మా అమ్మ "తర్వాత" అన్న చోటే నొక్కేది. చదువు రాకపోయినా ఆ చోటు మాత్రం బాగా తెలుసు. ఆ మాటకొస్తే మా వీధంతా అంతే, ఉన్నది కాస్తా పోతుందని భయం. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్ ఇంట్లో మరిచిపోయి ధవళేశ్వరం రేవుకి వెళ్ళింది. ఇదే సందని అప్‌డేట్ చేసి పారేశాను.

సరిగ్గా ఆరోజే నాన్న వలలో ఆ ఏటి మొదటి పులస పడింది! అమ్మ దాన్ని పట్టుకుని పరుగున ఇంటికొచ్చింది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాక పడే మొదటి పులస రాజమండ్రిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికే ఇస్తానని ఆమె మాట. అది తప్పితే ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేనంటుంది. రేవులో ఎంతమంది అడిగినా బేరమే పెట్టలేదట. మాస్టారికి చెబుదామని ఫోన్ తీసి, తెరకేసి చూసి, నాకేసి చూసింది.

"నా గేట్లేవే?"

అప్పుడు తెలిసింది నాకు. అమ్మ తన దగ్గర చేపలు కొనే ప్రతి ఇంటి గేటునూ ఫొటో తీసి వాళ్ళ నంబరుకు పెట్టుకుంది. పేరు అడిగిన చోట ఏదో ఒక అక్షరం నొక్కేసింది. ఇప్పుడు ఫొటోలన్నీ ఎగిరిపోయి పదిహేడు అక్షరాలు మిగిలాయి. ఇంత చదువూ చదివి, అందులో ఎవరు ఎవరో చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మ తిట్టలేదు. పులసను ఐసులో పెట్టి బండి తీయమంది. అడ్రసు అడిగితే, నువ్వు పోనియ్యి అంది. ఎడమకి తిరగాలంటే నా ఎడమ భుజం తట్టింది, కుడికైతే కుడి భుజం. ఒక సందులో రెండు భుజాలూ ఒకేసారి తట్టింది. ఎదురుగా నీలం గేటు, దాని మీద ఇనుప తామరపువ్వు!

మాస్టారు బయటికొచ్చి, ఐసులోకి తొంగిచూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆ తర్వాత, ఫోన్ చేయకుండా వచ్చేశారేంటని అడిగారు. నా నిర్వాకం బయటపడుతుందని తల దించుకున్నాను.

"మీ గేటు చూడాలనిపించిందండి," అంది అమ్మ.

ఆయన చేత ఒకసారి తన నంబరుకు ఫోన్ చేయించింది. తెర మీద "ఱ" అని వెలిగింది. అదీ మాస్టారు! నేను గబగబా కెమెరా తెరిచాను.

"వెనక్కి జరగవే, పువ్వు కూడా పడాలి."

రోడ్డు మధ్యదాకా జరిగి తీశాను. అమ్మ ఫొటో చూసి తృప్తిగా తలూపి, ఇంకా పదహారు గేట్లున్నాయి, పెట్రోలు పోయించుకో అంది.