అక్క సరిజేసి పెట్టిన కొలత టూల్

అక్క పోయిన పదకొండో రోజుకే ఆమె బట్టలు అందరూ పంచుకున్నరు. చెప్పులు ఎవరికో ఇచ్చేసిన్రు. దుకాణంల ఉన్న కంప్యూటర్‌ను మాత్రం ఎవరన్న ముట్టుకుంటే ఊకోనని చెప్పిన. దాని లోపల అక్క ఎట్ల పెట్టి పోయిందో గట్లనే ఉండాలె. నాకు మిగిలిన అక్క అదొక్కటే.

మాది చిక్కడపల్లి గల్లీల బోర్డుల దుకాణం. కంప్యూటర్ల గీసేది అక్క. కోసుడు, అతికిచ్చుడు, నిచ్చెనెక్కి మేకులు కొట్టుడు నాది. అశోక్‌నగర్‌ల హాస్టళ్ల మీద, స్టడీ హాళ్ల మీద మేం పెట్టిన బోర్డులు ఎన్నున్నయో లెక్క లేదు. ఉన్నా నేను చెప్పలేను, లెక్కలంటే నాకు చిన్నప్పటి సంది వణుకు.

మా పనిల ఒక పద్ధతుంటది. పెద్ద బోర్డును అసలు సైజుల గీస్తే మా పాత కంప్యూటర్ మొరాయిస్తది. అందుకే అడుగును ఇంచుగ గీస్తం. పది అడుగుల బోర్డు తెర మీద పది ఇంచులే ఉంటది. కోసేటప్పుడు ప్రతి కొలతను పన్నెండుతో గుణించి టేపు పట్టాలె. నేనేమో గుణించుడు మరిచిపోయేదాన్ని, యాదికుంటే తప్పు గుణించేదాన్ని. ఒకసారి నారాయణగూడల ఒక మెస్సు బోర్డుకు అక్షరాలు జానెడు పొట్టిగ కోసిన. "అక్షరాలు గిట్ల ఉపాసం పట్టినయేందే!" అని అక్క ఒకటే నవ్వు. నేను షీటు విసిరికొట్టి బయటికి పోయిన. తిరిగొచ్చేసరికి తెర మీద తను దాచుకునే రంగుల వరుసల ఒక కొత్త ఎరుపు. దానికి పేరు 'చెల్లె కోపం'. అన్ని రంగులకు అట్లనే పేర్లు పెట్టేది. బస్సు ఎరుపు, గోంగూర పచ్చ, రిజల్ట్ రోజు తెలుపు.

అక్క పోయిన రెండు నెలలకు కంప్యూటర్ ముందు ఆమె కుర్చీల కూసున్న. అశోక్‌నగర్‌ల ఒక స్టడీ హాల్ బోర్డు, దవాఖానకు పోయే ముందు అక్క గీసి పెట్టింది. పేరు ఎంత పొడుగుందో చూద్దామని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ల ఉండే కొలత టూల్ తీసి, మౌస్‌తోటి ఈ చివర నుంచి ఆ చివరికి లాగిన. ఎనభై ఏడు ఇంచులు అన్నది. పైన సైజు పెట్టెల చూస్తే ఏడుంబావు. అరే! మళ్ళ లాగిన, మళ్ళ ఎనభై ఏడే. కొత్త పేజీ తెరిచి సరిగ్గ ఒక ఇంచు గీత గీసి కొలిచిన. పన్నెండు ఇంచులన్నది. ఇది చదివేటోళ్లకు ఈపాటికే సమజై ఉంటది. నా మట్టి బుర్రకు కాలే.

కంప్యూటర్ బంద్ చేసి మళ్ళ చాలు చేసిన. మౌస్ మార్చిన. నెట్ల వెతికితే ఎవరెవరో ఏందేందో రాసిన్రు, ఒక్క ముక్క తలకెక్కలే. అవతల స్టడీ హాల్ ఆయన ఫోన్ మీద ఫోన్. ఆఖరికి నారాయణగూడల కంప్యూటర్లు బాగుజేసే అన్నను అడిగిన. "ఏం లేదమ్మా, సెట్టింగులు ఖరాబైనయ్. మొత్తం రీసెట్ కొట్టు, కొత్తదాని లెక్క అయితది" అన్నడు. కొట్టిన. నిజంగనే తీసెయ్యాల్నా అని తెర మీద అడిగింది గూడ. అవునని నొక్కిన.

టూల్ బాగైంది. ఒక ఇంచు గీతకు ఒక ఇంచే చూపిచ్చింది. చప్పట్లు కొట్టబోయిన. అప్పుడు చూస్తే రంగుల వరుస లేదు. అక్కది ఎడమ చెయ్యి వాటం, తన చేతికి అందేటట్టు తెర మీద జరుపుకున్న పెట్టెలన్నీ ఎక్కడివక్కడ వెనక్కి పోయినయ్. అక్క ఆ తెర ముందు ఎన్నడూ కూసోనట్టే ఉన్నది.

షట్టర్ సగం గుంజి ఏడ్చిన. ఆ అన్నకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిన. పాపం, ఆయనేం జేస్తడు. నొక్కింది నా వేలే గదా.

మరునాడు పొద్దున మళ్ళ టూల్ తీసిన. పైన వరుసల ఒక చిన్న పెట్టె కనబడ్డది. కొలతను ఎన్ని రెట్లు చేసి చూపియ్యాలెనో చెప్పే పెట్టె. దాంట్ల నూరు శాతం అని ఉన్నది, అంటే ఉన్నదున్నట్టు. నిన్నటి దాక దాంట్ల ఏముండెనో అప్పుడు తెలిసింది. పన్నెండు వందలు, అంటే పన్నెండు రెట్లు. నేను గుణించే పని లేకుండ టూలే గుణించి, టేపు మీద పట్టే అసలు కొలత చెప్పాలెనని అక్క పెట్టింది. ఆ ఎనభై ఏడు నా కోసమే. టూల్ ఎన్నడూ ఖరాబు కాలే.

దవాఖాన యాదికొచ్చింది. ముక్కుకు పైపుతోటి ఉండి గూడ అక్క నా చెయ్యి పట్టుకున్నది. "చెల్లె, కొలత టూల్ల ఒకటి సరిజేసి పెట్టిన. నువ్వింక లెక్కలకు పరేషాన్ గావద్దు. ఇంకా..." అన్నది. నేను కసిరిన. "ఇప్పుడు దుకాణం ముచ్చట అవసరమా? జర గమ్మున పండుకో!" అన్న. నా మాట విని గమ్మున పండుకున్నది. తెల్లారి మాట్లాడలే, మళ్ళ ఎన్నడూ మాట్లాడలే.

ఆ పెట్టెల పన్నెండు వందలు మళ్ళ నేనే కొట్టిన. పేరు మీద లాగితే ఎనభై ఏడొచ్చింది. గుణించకుండ టేపు పట్టి కోసిన, బోర్డు సక్కగ కూసున్నది. రంగులు గూడ ఒక్కొక్కటే కలిపి అవే పేర్లు పెట్టిన. చెల్లె కోపం ఒక్కటి వస్తలేదు. ఆ రంగేసిన మా పాత బోర్డు కాడికి పోయి చూసిన, అది ఎండకు వెలిసిపోయింది.

రంగు పోతే పోయింది. కానీ అక్క "ఇంకా" అన్నది. నా కోసం ఆ కంప్యూటర్ల ఇంకేమేం సరిజేసి పెట్టిందో నేను చెప్పనియ్యలే. ఇప్పుడు వెతుకుదామన్నా, రీసెట్ కొట్టి అవన్నీ నేనే తుడిచేసిన.