ఖాజన్న రాసిన మా ఊరి జనాభా

నిన్న మధ్యాహ్నం ఖోర్ ఫక్కాన్ పోర్టులో లంచ్ బాక్స్ తెరుస్తుంటే ఫోన్. బనియాస్ నుంచి టైపింగ్ సెంటర్ రషీద్ భాయ్.

"ఖాజా నహీ రహా, భాయ్."

ఏ ఖాజా అని అడిగాను. నాకు తెలిసిన ఖాజా ఒక్కడే. అయినా అడిగాను.

కుర్చీలోనే, కీబోర్డు ముందే పోయాడట. హార్ట్ ఎటాక్ అంటున్నారు.

నిజం చెప్తున్నా, ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఊరి పని సగంలో పెట్టి ఇట్లా లేచిపోతావా అన్నా అని.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఖాజన్నదీ నాదీ ఒకే ఊరు. కడప జిల్లా, నల్లగొందిపల్లె. ఆయన చాలా ఏళ్లుగా బనియాస్‌లో టైపిస్టు. వీసా ఫారాలు, ఐడీ ఫారాలు. మా ఊరి నుంచి దుబాయ్‌కి వచ్చిన ప్రతివాడి కాగితం ఆయన చేతిమీదుగానే వెళ్లింది. నాది కూడా.

మూడేళ్ల కింద ఆయన దగ్గరికి ఒక అమెరికా పెద్దాయన వచ్చాడు. ఫారంలో పుట్టిన ఊరి స్పెల్లింగ్ సరిచూద్దామని ఖాజన్న నెట్‌లో వెతికాడు. ఎవరైనా రాయగలిగే ఒక సైటులో ఆ ఊరికి పెద్ద పేజీ ఉంది.

చూస్తే పల్లెటూరు. చుట్టూ మొక్కజొన్న చేలు. అయినా అక్కడ మొదటి ఇల్లు ఎవరు కట్టారు, పోస్టాఫీసు ఎప్పుడొచ్చింది, రైలు లైను ఎందుకు పక్కకు పోయింది, పదేళ్లకోసారి జనం ఎంతమంది, అన్నీ రాసి ఉన్నాయి. జనం తగ్గిపోతున్నారు. ఆ తగ్గడాన్ని కూడా మర్యాదగా రాశారు.

వెంటనే మా ఊరి పేరు కొట్టాడట. ఏమీ రాలేదు.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"ఆ ఊర్లో మన ఉరుసుకొచ్చేటంత జనం గూడా ల్యారు రా. వాళ్లకు చరిత్ర ఉండాది. మనకేం తక్కువ?"

తక్కువ ఏమిటంటే, మేం ఏ కాగితంలోనూ లేము. మా అందరి పాస్‌పోర్టుల్లో పుట్టిన ఊరు అంటే మండలం పేరే ఉంటుంది. ఏజెంటు అట్లా రాసి పారేశాడు. కాగితాల ప్రకారం మా ఊళ్లో ఎవరూ పుట్టలేదు.

ఖాజన్నకు ఒళ్లు మండింది. మండితే ఆయన అరవడు. టైప్ చేస్తాడు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో పెళ్లయినా ఓబులేసన్న ఇంటింటికీ వెళ్లి పిలుస్తాడు. హిందువులు, సాయిబులు అని లేదు. కార్డు చేతిలో పెట్టి పోతే కుదరదు. గడప ముందు నిలబడి ఆ ఇంటి మనుషుల పేర్లన్నీ పిలవాలి. కువైట్‌లో ఉన్నవాడిదీ, దుబాయ్‌లో ఉన్నవాడిదీ. ఒక్కో పేరుకు లోపలి నుంచి "ఉండాడు", "ఉండాది" అనాలి. ఒక్క పేరు మర్చిపోయినా ఆ ఇల్లు పెళ్లికి రాదు.

ఖాజన్న ఆ పిలుపు మొత్తం వాయిస్ నోట్లలో తెప్పించుకుని, సెలవు రోజుల్లో కూర్చుని టైప్ చేశాడు. ఇదే మనూరి జనాభా అన్నాడు. దాంతో పాటు బావి తవ్విన వాళ్ల పేర్లు, మొదటి బస్సు వచ్చిన కథ, కరువు ఏడాది వలస. అదే సైటులో మా ఊరికి పేజీ పెట్టాడు.

ఆధారాలు లేవని సైటు వాళ్లు తీసేశారు.

మళ్లీ పెట్టాడు. మళ్లీ తీసేశారు.

"ఇంక ఖలాస్ అనుకో అన్నా, ఎవరు చదువుతారు" అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు మళ్లీ పేజీ పెట్టి, లింక్ నాకే పంపాడు.

పోయినేడు ఊళ్లో ఇంటింటి సర్వే జరిగింది. జనం మరీ తక్కువైతే పక్క ఊళ్లో కలిపేస్తారని పుకారు. సర్వే ఆయన ఖాజన్న ఇంటికొచ్చి, ఇంట్లో పడుకునేవాళ్లనే రాస్తానన్నాడు. ఖాజన్న భార్య షాహీన్ వదిన ఆయనకు వీడియో కాల్ చేసి ఫోన్ సర్వే ఆయన ముందు పెట్టింది.

ఖాజన్న కౌంటర్ దగ్గర కస్టమర్‌ను ఆపి మరీ చెప్పాడు.

"సార్, నేను కట్టిచ్చిన గోడకే ఆనుకోని రాస్తాండావు. నన్ను రాయనంటే ఎట్ల?"

సర్వే ఆయన గోడ నుంచి పక్కకు జరిగాడు కానీ పేరు మాత్రం రాయలేదు. ఖాజన్న ఆ సాయంత్రమే పేజీ మళ్లీ పెట్టాడు.

నిన్న రాత్రే నేను బనియాస్ వచ్చాను. ఇప్పుడు కాగితాల పని జరుగుతోంది. అవి కాగానే ఇక్కడే మట్టి చేస్తాం. ఆయన చావు ఫారం ఆయన కుర్చీ పక్క కుర్చీలోనే టైప్ అయింది. పుట్టిన ఊరు దగ్గర నల్లగొందిపల్లె అని కొట్టమన్నాను. పాస్‌పోర్టులో ఉన్నదే కొట్టాలి భాయ్, అన్నాడు రషీద్ భాయ్. ఆయన తప్పేం లేదు. జీవితమంతా అందరి ఫారాలు నింపినవాడి చివరి ఫారంలో కూడా మా ఊరు లేదు.

సరే. కాగితాన్ని అట్లాగే ఉండనీ.

ఈ పొద్దున ఓబులేసన్న ఫోన్ చేశాడు. ఎల్లుండి పెళ్లి ఉంది, రేపు పిలుపుకు పోవాలి. ఖాజన్న ఇంటి ముందు ఏం చేయాలో తోచడం లేదని ఏడ్చాడు. పేరు పిలిస్తే వదినకు కష్టం. పిలవకపోతే ఆ పాపం తనది. వదినను నువ్వే అడుగబ్బా అన్నాడు.

అడిగాను. ఎట్లా అడిగానో నాకే తెలియదు.

వదిన ముందు ఓబులేసన్న ఎప్పుడొస్తాడని అడిగింది. తర్వాత చెప్పింది.

"పిలవమను. నేను తలుపు బయటికి రాను. లోపల్నుంచే చెప్తా, ఉండాడని."

ఖాజన్నా, విన్నావా?

పేజీ ఇప్పుడే మళ్లీ పెట్టాను. నీ పేరు తీయలేదు. ఈసారి ఆధారం అడిగితే వదిన గొంతు పంపిస్తా.

నీ దేవుడు నిన్ను చల్లగా చూసుకోవాలి. ఏ ఫారం అడక్కుండా లోపలికి పిలవాలి.

పోయిరా అన్నా. నువ్వు మనూరోడివే.